బ్యాక్టీరియా ఒంటికి పట్టిన యాంటీబాడీని కొలవడం: ఫ్లో సైటోమీటర్ దగ్గర నా అనుభవం

ఈ పని కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే, యాంటీబాడీలుండే తేట) గురించి అడుగుతారు. ఎంత పలచన చెయ్యాలి, ఎంతసేపు ఉంచాలి అని. నేను ముందు బఫర్ గురించి చెబుతాను. బ్యాక్టీరియా, సీరం ఏమీ కలపని ఉత్త బఫర్‌ని (పీబీఎస్ అనే ఫాస్ఫేట్ ఉప్పు ద్రావణంతో చేసినది) ఫ్లో సైటోమీటర్‌లో, అంటే కణాల్ని ఒక్కొక్కటిగా లేజర్ ముందు నడిపించి ప్రతిదాన్నీ ఒక చుక్కగా చూపే మెషీన్‌లో, ఒక నిమిషం నడిపి, తెర మీద ఎన్ని చుక్కలు పడుతున్నాయో చూడండి. లింఫోసైట్లకు (ఒక రకం తెల్ల రక్తకణాలు) సర్దిపెట్టిన మెషీన్ అయితే దాదాపు ఏమీ కనబడదు. బ్యాక్టీరియా కనబడేంతగా థ్రెషోల్డ్ (ఇంతకంటే చిన్న సిగ్నల్‌ని పట్టించుకోవద్దని మెషీన్‌కి పెట్టే హద్దు) దించారంటే మాత్రం అదే ఖాళీ బఫర్‌లోంచి వేల చుక్కలు కురుస్తాయి. ఉప్పు నలుసులు, బీఎస్‌ఏ (బఫర్‌లో కలిపే ఆవు ఆల్బుమిన్ ప్రొటీన్) ఉండలు, మెషీన్ గొట్టాల్లో కాపురం పెట్టిన బ్యాక్టీరియా, డిటెక్టర్ చేసే సొంత గోల, అన్నీ ఒక్కచోటే పడతాయి. లింఫోసైట్ అడ్డంగా ఏడెనిమిది మైక్రాన్లు ఉంటుంది. ఇ. కోలై మందం మైక్రాన్‌కి అటూ ఇటూ, పొడవు రెండు మైక్రాన్లు. అంత చిన్నదాన్ని వెతుకుతున్నప్పుడు దుమ్ము కూడా బ్యాక్టీరియాలాగే కనబడుతుంది.

మా దగ్గర పాటించే లెక్క ఇది: ఒకే వేగంతో, ఒకే సమయం నడిపినప్పుడు ఖాళీ బఫర్‌లో పడే చుక్కలు శాంపిల్‌లో పడేవాటిలో నూటికి ఒకటి రెండుకి మించకూడదు. మించితే ఆరోజు సీరం బయటికి తియ్యం. బఫర్ అంటే పీబీఎస్‌లో 1 శాతం బీఎస్‌ఏ, బ్యాక్టీరియా పెరగకుండా ఆపే సోడియం అజైడ్ 0.05 శాతం. ఇందులో చాలామంది చేసే తప్పు పీబీఎస్‌ని ముందు వడగట్టి, తర్వాత బీఎస్‌ఏ పొడి కలపడం. నలుసుల్లో సగం ఆ పొడితోనే వస్తాయి. అన్నీ కలిపి కరిగిపోయాక, వాడే రోజునే, 0.22 మైక్రాన్ల ఫిల్టర్ గుండా పొయ్యాలి. నిన్న వడగట్టిన సీసా ఇవాళ్టికి పనికిరాదని కాదు, కానీ బీఎస్‌ఏ నిలవలో మళ్లీ ఉండలు కడుతుంది. ఫిల్టర్ ఖర్చుకి చూసుకుంటే రోజంతా చేసిన పని పోతుంది.

ఇంత తిప్పలు ఎందుకు, ప్లేటుకి బ్యాక్టీరియా అంటించి ఎలైజా (పట్టిన యాంటీబాడీని రంగు మార్పుతో కొలిచే పరీక్ష) చేసుకోవచ్చు కదా అని అడుగుతారు. చేసుకోవచ్చు, కానీ అది వేరే ప్రశ్నకి జవాబు చెబుతుంది. ప్లేటు మీద ఆరబెట్టిన బ్యాక్టీరియాలో కొన్ని పగిలిపోతాయి. లోపలి ప్రొటీన్లు బయటపడి ప్లాస్టిక్‌కి అంటుకుంటాయి. వాటి మీద యాంటీబాడీ ఉన్న సీరం కూడా ఎలైజాలో బ్రహ్మాండంగా రంగు చూపిస్తుంది. ఆ యాంటీబాడీ పగలని బ్యాక్టీరియాని ఎన్నడూ తాకలేదు, తాకడం దాని వల్ల కాదు కూడా. వ్యాక్సిన్ పనిచేస్తుందా, పేగులోని ఐజీఏ రకం యాంటీబాడీ దేన్ని పట్టుకుంటోంది లాంటి ప్రశ్నలకి పైకి కనబడే యాంటిజెన్ (యాంటీబాడీ గుర్తుపట్టే పదార్థం) మీద పట్టిందే లెక్కలోకి వస్తుంది. ఫ్లో సైటోమీటర్ ఒక్కొక్క బ్యాక్టీరియాని విడిగా చూస్తుంది కాబట్టి పగిలినవాటిని పక్కకి తీసేసే వీలుంటుంది.

కల్చర్ దగ్గరే సగం ఫలితం తేలిపోతుంది. రాత్రంతా పెరిగిన కల్చర్‌లో చచ్చినవి, ముక్కలైనవి ఎక్కువ. తాజా మీడియంలో వెయ్యో వంతుకి తిరగపోసి, 600 నానోమీటర్ల దగ్గర ఓడీ (కల్చర్ ఎంత మబ్బుగా ఉందో చెప్పే కొలత) 0.5 వచ్చేదాకా పెంచినవి శుభ్రంగా ఉంటాయి. అయితే ఒక చిక్కు: పైకి కనబడే యాంటిజెన్లు పెరిగే దశని బట్టి మారతాయి. ఫ్లాజెల్లా (ఈదే తోకలు), పిలై (ఒంటి మీది సన్నని నూగు), క్యాప్సూల్ (బయటి తొడుగు) అన్ని దశల్లోనూ ఒకే మోతాదులో ఉండవు. అందుకని ఏ దశని ఎంచుకున్నా సరే, ప్రయోగం మొత్తానికి అదే ఉంచాలి. ఇవాళ 0.5 దగ్గర, రేపు 1.2 దగ్గర తీసిన కల్చర్లని పక్కపక్కన పెట్టి పోల్చకండి. క్యాప్సూల్ ఉన్న న్యూమోకాకస్ లాంటివాటిని, పిలై ముఖ్యమైనవాటిని వోర్టెక్స్ (ట్యూబుని గిరగిరా కుదిపే యంత్రం) మీద పెట్టకూడదు. పిలై, ఫ్లాజెల్లా తెగిపోయి పైతేటలోకి (సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాక పైన మిగిలే ద్రవం) వెళ్తాయి, దాన్ని మీరే చేజేతులా పారబోస్తారు. పైపెట్‌తో నెమ్మదిగా పైకీ కిందకీ లాగడం చాలు.

ఇప్పుడు లెక్క. ఇ. కోలైకి ఓడీ 1 అంటే మిల్లీలీటరుకి సుమారు 80 కోట్లు. దాన్ని 20 రెట్లు పలచన చేస్తే 4 కోట్లు, అందులో 25 మైక్రోలీటర్లు తీస్తే 10 లక్షలు. ఒక్కో వెల్‌కి, అంటే ప్లేటులోని ఒక్కో గుంటకి, నేను వాడేది ఇంతే. మరీ తక్కువగా అనిపిస్తుంది, ఇంకొంచెం వేస్తే ముద్ద కంటికి కనబడుతుంది కదా అనిపిస్తుంది. ఆ కొంచెమే కొంప ముంచుతుంది. ఇ. కోలై పైభాగం సుమారు 6 చదరపు మైక్రాన్లు. ఒక ఐజీజీ (సీరంలో అన్నిటికంటే ఎక్కువుండే రకం యాంటీబాడీ) కూర్చోవడానికి 100 చదరపు నానోమీటర్లు అనుకుంటే ఒక్కో బ్యాక్టీరియా మీద మహా అయితే 60 వేలు పడతాయి. 10 లక్షల బ్యాక్టీరియా నిండాలంటే 6,000 కోట్ల అణువులు, బరువులో 15 నానోగ్రాములు. మనిషి సీరంలో ఐజీజీ మిల్లీలీటరుకి 10 మిల్లీగ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. వందో వంతు పలచనలో 50 మైక్రోలీటర్లంటే 5 మైక్రోగ్రాములు. అందులో నూటికి ఒక వంతు ఈ బ్యాక్టీరియాని పట్టుకునేది అనుకున్నా 50 నానోగ్రాములు, అవసరానికి మూడింతలు. అదే వెల్‌లో కోటి బ్యాక్టీరియా వేశారా, కావలసింది 150, ఉన్నది 50. అప్పుడు మీరు కొలిచేది యాంటీబాడీ ఎంత గట్టిగా పట్టిందని కాదు, ఉన్నదాన్ని ఎంతమంది పంచుకున్నారని. రెండు ప్లేట్లలో బ్యాక్టీరియా లెక్క తేడా ఉంటే ఒకే సీరం రెండు రకాలుగా కనబడటానికి కారణం ఎక్కువసార్లు ఇదే.

సీరాన్ని 56 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉంచాలి. లేకపోతే కాంప్లిమెంట్ అనే సీరం ప్రొటీన్ల గుంపు ఇ. కోలై లాంటి గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియాని చిల్లులు పొడిచి చంపుతుంది. యాంటీబాడీ బాగా పట్టిన బ్యాక్టీరియానే ముందు పగిలి గేట్‌లోంచి (లెక్కకి తీసుకునే చుక్కల చుట్టూ గీసే హద్దు) మాయమవుతుంది, అంటే మంచి సీరం చెడ్డగా కనబడుతుంది. 60 డిగ్రీలకి ఎక్కనివ్వకండి, ఐజీజీ ఉండలు కడుతుంది. 56 దగ్గర కూడా కొంత కడుతుంది, అందుకే వేడి చేశాక సెంట్రిఫ్యూజ్‌లో 16,000 జీ (భూమ్యాకర్షణకి 16,000 రెట్ల బలం) దగ్గర 10 నిమిషాలు తిప్పి, అడుగునీ పైన తేలే కొవ్వునీ వదిలేసి మధ్యలోంచి తీసుకోవాలి. సెకండరీ యాంటీబాడీకీ (సీరం యాంటీబాడీని పట్టుకుని వెలుగిచ్చే, రంగు తగిలించిన యాంటీబాడీ) ఇదే మర్యాద. వాడబోయే ముందు 16,000 జీ దగ్గర 10 నిమిషాలు. మెరిసే సెకండరీ ఉండలు సైజులో బ్యాక్టీరియాలాగే ఉంటాయి, వెలుగులో దానికంటే ఎక్కువ ఉంటాయి. హిస్టోగ్రాం (ఎంత వెలుగుతో ఎన్ని చుక్కలున్నాయో చూపే గ్రాఫ్) కుడి అంచున చిన్న గుట్ట కనబడి, అది సెకండరీ ఒక్కటే వేసిన వెల్‌లోనూ ఉంటే అవి ఇవే.

పలచన చేసిన సీరం 25 మైక్రోలీటర్లు, బ్యాక్టీరియా 25 మైక్రోలీటర్లు. కలిపాక సీరం సగానికి పలచబడుతుందన్నది మరచిపోవద్దు, రాసుకునే అంకె కలిపిన తర్వాతిదే కావాలి. నేను 30వ వంతుతో మొదలుపెట్టి మూడేసి రెట్లు దించుతూ ఎనిమిది మెట్లు వేస్తాను. ఒక్క మెట్టుతో కొలిచి రెండు సీరాలని పోల్చేవాళ్లని చూస్తుంటాను. రెండూ నిండిపోయిన చోట ఉంటే తేడా లేదంటారు, రెండూ అడుగున ఉంటే అసలు లేదంటారు. 4 డిగ్రీల దగ్గర అరగంట. చల్లగా ఉంచేది బ్యాక్టీరియా పెరగకుండా, పైపొర ఊడిపోకుండా.

కడగడం. ఈ పనిలో నేర్చుకోవలసిన చేతిపనంటూ ఉంటే అది ఇదొక్కటే. వి ఆకారపు అడుగున్న 96 వెల్ ప్లేటు, 4,000 జీ, 10 నిమిషాలు, 4 డిగ్రీలు. తిప్పి తీశాక అడుగున ఏమీ కనబడదు. 10 లక్షల బ్యాక్టీరియా కంటికి ఆనదు. కణాలతో పనిచేసి అలవాటైనవాళ్లు ప్లేటుని సింకు మీద ఒక్క విదుపు విదిలిస్తారు, బ్యాక్టీరియా అంతా సింకులోకే పోతుంది. ప్లేటుని కొంచెం వంచి, టిప్‌ని వెల్ గోడకి ఆనించి, కొస అడుగుకి తగలకుండా నీటి మట్టంతోపాటే కిందికి దించుతూ లాగాలి. 20 మైక్రోలీటర్లు మిగలనివ్వాలి. పూర్తిగా లాగేద్దామనే ఆశ వద్దు.

మిగిలిన ఆ 20 మైక్రోలీటర్ల వెల కూడా చెప్పాలి. 50 మీద 170 పోసి తిప్పితే సీరం నాలుగు రెట్ల పైచిలుకు పలచబడుతుంది. ఆపైన 20 మీద 200 పోసిన ప్రతిసారీ 11 రెట్లు. రెండుసార్లు తిప్పితే మొత్తం 48 రెట్లు, మూడుసార్లకి 530 రెట్లు. 30వ వంతు సీరంలో ఐజీజీ మిల్లీలీటరుకి 330 మైక్రోగ్రాములు. రెండుసార్లకే ఆపేస్తే ఆ 20 మైక్రోలీటర్లలో పట్టుకోకుండా తిరిగే ఐజీజీ 140 నానోగ్రాములు మిగులుతుంది. బ్యాక్టీరియా మీద ఉన్నది మహా అయితే 15. మీరు వేసే సెకండరీ మిల్లీలీటరుకి 5 మైక్రోగ్రాముల చొప్పున 50 మైక్రోలీటర్లు, అంటే 250 నానోగ్రాములు. అందులో పెద్ద వాటా నీళ్లలో తిరిగే ఐజీజీకే పోతుంది. గ్రాఫ్‌లో ఇది ఎలా కనబడుతుందంటే, అన్నిటికంటే గాఢమైన సీరం దగ్గర వెలుగు తగ్గి, రెండో మెట్టులో పెరిగి, తర్వాత మామూలుగా దిగుతుంది. చూసినవాళ్లు ప్రోజోన్ (యాంటీబాడీ మరీ ఎక్కువైనప్పుడు సిగ్నల్ తగ్గడం) అని పేరు పెట్టి సర్దుకుంటారు. మూడోసారి కడిగి చూడండి, ఆ వంపు పోతే అది ప్రోజోన్ కాదు. మూడుసార్లకి మిగిలేది పన్నెండు పదమూడు నానోగ్రాములు. దానితో ఇబ్బంది లేదు.

సెకండరీ ఎంపికలో రెండు గోతులు ఉన్నాయి. మేక నుంచి తీసిన పాలీక్లోనల్ (ఎన్నో యాంటీబాడీలు కలిసిన) సెకండరీలో ఆ మేకకి సొంతంగా ఉన్న ఇ. కోలై యాంటీబాడీలు కూడా రావచ్చు. సీరం వెయ్యకుండా సెకండరీ ఒక్కటే వేసిన వెల్ ప్రతి స్ట్రెయిన్‌కీ (ఒకే జాతిలోని ఒక్కో రకానికీ) విడిగా ఉండాలి, ఒక స్ట్రెయిన్‌లో చూసింది ఇంకోదానికి చెల్లదు. అఫినిటీ ప్యూరిఫై చేసినది (లక్ష్యాన్ని పట్టుకునే యాంటీబాడీలనే ఏరి తీసినది) తీసుకుంటే సమస్య చాలావరకు తగ్గుతుంది. రెండో గొయ్యి స్టెఫైలోకాకస్ ఆరియస్. దాని ఒంటి మీది ప్రొటీన్ ఏ, ఐజీజీని వెనక నుంచి, అంటే ఎఫ్‌సీ అనే తోక వైపు నుంచి పట్టుకుంటుంది. ఎవరి సీరం వేసినా మెరుస్తుంది. ప్రొటీన్ ఏ లేని మ్యుటెంట్ వాడాలి. అందులోనూ ఎస్‌బీఐ అనే ఇంకో ప్రొటీన్ ఇదే పని చేస్తుంది, కాబట్టి రెండూ తీసేసిన స్ట్రెయిన్ అయితే నిశ్చింత. సెకండరీని ఎఫ్‌సీ లేని ముక్కగా తీసుకుంటే సెకండరీ వైపు నుంచి వచ్చే గొడవ తగ్గుతుంది గానీ, సీరంలోని ఐజీజీ వెనక నుంచి పట్టడం ఆగదు. గ్రూప్ సీ, గ్రూప్ జీ స్ట్రెప్టోకాకస్‌లకి ప్రొటీన్ జీ ఉంటుంది, అక్కడా ఇదే కథ.

రంగుల సంగతి. యాంటీబాడీకి ఎరుపు వైపు, అంటే అలెక్సా 647 లాంటిది ఇచ్చి, ఆకుపచ్చ వైపుని డీఎన్‌ఏ రంగుకి వదిలెయ్యడం మేలు. సైటో 9 అనే డీఎన్‌ఏ రంగు పట్టినది బ్యాక్టీరియా, పట్టనిది దుమ్ము. థ్రెషోల్డ్‌ని కూడా ఆకుపచ్చ మీదే పెట్టుకుంటే చెత్తలో చాలాభాగం అసలు రికార్డే కాదు. యాంటీబాడీకి ఎఫ్‌ఐటీసీ అనే ఆకుపచ్చ రంగు వాడక తప్పకపోతే పీహెచ్ 7 కంటే దిగకుండా చూసుకోండి, ఆమ్లంలో దాని వెలుగు పడిపోతుంది. పగిలినవాటిని గుర్తుపట్టడానికి ప్రొపీడియం అయొడైడ్ (పగిలినవాటిలోకే వెళ్లే రంగు) కావాలంటే ఫిక్స్ చెయ్యకుండా (రసాయనంతో బిగించకుండా) చదవాలి. ఫిక్స్ చెయ్యక తప్పదంటే, అన్నీ అంటించి కడిగాక 1 శాతం పారాఫార్మాల్డిహైడ్. ముందే ఫిక్స్ చేస్తే కొన్ని ఎపిటోప్‌లు (యాంటీబాడీ పట్టుకునే చోట్లు) చెడతాయి. ఆల్కహాల్ జోలికి అసలు పోవద్దు, గోడ తెరుచుకుని లోపలిదంతా బయటపడుతుంది, మళ్లీ ఎలైజా దగ్గరికే వచ్చినట్టు.

మెషీన్ మీద ఎఫ్‌ఎస్‌సీ, ఎస్‌ఎస్‌సీ (ముందుకీ, పక్కకీ చెదిరే లేజర్ వెలుగు) రెండూ లాగ్ స్కేల్‌లో ఉండాలి. వేగం అన్నిటికంటే తక్కువది, సెకనుకి రెండు మూడు వేల చుక్కలకి మించకుండా. మించితే రెండు మూడు బ్యాక్టీరియా ఒకేసారి లేజర్ ముందుకొచ్చి ఒకటిగా లెక్కపడతాయి. ఇది జరుగుతోందో లేదో తెలుసుకోవడం తేలిక: శాంపిల్‌ని సగానికి పలచన చేసి మళ్లీ నడపండి. చుక్కల వేగం సగం కావాలి, మీడియన్ (వరసలో సరిగ్గా నడిమి) వెలుగు కదలకూడదు. కదిలిందంటే ఇంకా పలచన చెయ్యాలి. వెల్స్‌ని పలచన సీరం నుంచి గాఢమైనదాని వైపు చదువుకుంటూ పోతే ముందుదాని మురికి వెనకదానికి అంటదు. బ్లీచ్‌తో గొట్టాలు కడిగే ముందు నీళ్లు నడిపి అజైడ్ పోనివ్వాలి. అజైడ్‌కి ఆమ్లం తగిలితే విషవాయువు పుడుతుంది, బ్లీచ్‌తోనూ కలవకూడదు. సీసం, రాగి గొట్టాలున్న సింకులో పోస్తే పేలే లోహ అజైడ్‌లు పేరుకుంటాయి. దానికి వేరే డబ్బా పెట్టుకోండి.

ఉండలు కట్టడం గురించి. ఐజీజీకి రెండు చేతులు, ఐజీఎం రకం యాంటీబాడీకి పది. గాఢమైన సీరంలో బ్యాక్టీరియా ఒకదానికొకటి అతుక్కుంటాయి. డాట్ ప్లాట్‌లో గుంపు పైకి, కుడికి తోక సాగదీసుకున్నట్టు జరుగుతుంది, నిమిషానికి పడే చుక్కలు తగ్గుతాయి, వెలుగు పెరుగుతుంది. ఐదు బ్యాక్టీరియా కలిసిన ఉండ ఐదింతలు మెరుస్తుంది, దాన్ని ఒక్కో బ్యాక్టీరియా మీద ఐదింతల యాంటీబాడీ అనుకుంటే పొరపాటు. సిగ్నల్ ఏరియా, హైట్ పోల్చి జంటల్ని తీసేసే పద్ధతి పెద్ద కణాలకి బాగుంటుంది గానీ ఈ సైజులో అంతగా పనిచెయ్యదు. విడదీసే ప్రయత్నాలకంటే ఆ మెట్టుని లెక్కలోంచి తీసేసి, ఉండలు లేని పలచనల మీద గీత గియ్యడమే నాకు నచ్చే దారి.

లెక్కలో నేను మీడియన్ వాడతాను. ఎన్ని శాతం పాజిటివ్ అనేది గీత ఎక్కడ గీశారన్నదాన్ని బట్టి మారుతుంది. గుంపు మొత్తం కొద్దిగా కుడికి జరిగినప్పుడు ఆ గీత ఒక్క వెంట్రుకవాసి కదిపితే 20 శాతం 60 అవుతుంది. ఒక్క సందర్భంలో మాత్రం శాతమే సరైనది: హిస్టోగ్రాం రెండు గుట్టలుగా విడిపోయినప్పుడు. అప్పుడు ఒకే కల్చర్‌లో కొన్ని బ్యాక్టీరియా ఆ యాంటిజెన్‌ని చూపిస్తున్నాయి, కొన్ని దాచుకున్నాయి. మీడియన్ ఆ రెంటి మధ్య ఖాళీలో పడి, ఏ బ్యాక్టీరియాకీ లేని అంకె చెబుతుంది. రెండు సీరాలని పోల్చేటప్పుడు గ్రాఫ్ అడ్డగీత మీద పలచన కాకుండా ఐజీజీ గాఢత వెయ్యండి. మొత్తం ఐజీజీ ఎక్కువున్న సీరం ఊరికే మెరుగ్గా కనబడుతుంది, దాన్ని ఎలైజాలో విడిగా కొలుచుకోవాలి. రోజులు మారినా అంకెలు పోల్చాలంటే ప్రతిరోజూ ఒకే రకం ప్రమాణ బీడ్‌లు (వెలుగు ముందే తెలిసిన చిన్న గోళీలు), ఒకే ఫ్రీజర్ ట్యూబులోంచి తీసిన ఒక పాత సీరం నడపాలి.

వెలుగు వచ్చింది, సరే, అది దేని మీద? ఖాయం చేసుకోవడానికి సీరాన్ని అదే బ్యాక్టీరియాతో, ఈసారి వంద కోట్లతో, గంటసేపు కలిపి తిప్పి, పైతేటని మళ్లీ కొలవండి. వెలుగు పడిపోవాలి. వేరే జాతి బ్యాక్టీరియాతో కలిపి తీసిన తేటలో పడిపోకూడదు. సాల్మొనెల్లాలో 'ఓ' (O) యాంటిజెన్, అంటే బయటి పొర మీది చక్కెర గొలుసులు, లేని మ్యుటెంట్‌ని పక్కన పెడితే ఎంత వెలుగు ఓ యాంటిజెన్‌ది, ఎంత దాని కింద ఉన్నవాటిదో కనబడుతుంది. ఓ యాంటిజెన్ పోయాక వెలుగు కొన్నిసార్లు తగ్గకపోగా పెరుగుతుంది కూడా, అది కప్పి ఉంచిన ప్రొటీన్లు బయటపడతాయి. ప్రయోగశాలల్లో తిరిగే ఇ. కోలై కే12కి మామూలుగా ఓ యాంటిజెన్ ఉండదు. దాని మీద చూసిన ఫలితాన్ని జబ్బు చేసే ఇ. కోలైకి వర్తింపజేసే ముందు ఈ సంగతి గుర్తుండాలి.

మలంలోని బ్యాక్టీరియా మీద ఇప్పటికే పట్టి ఉన్న ఐజీఏని కొలవాలంటే ప్రైమరీ దశ (సీరం కలపడం) ఉండదు. 100 మిల్లీగ్రాములు ఒక మిల్లీలీటరు బఫర్‌లో మెత్తగా కలిపి, 50 జీ దగ్గర 15 నిమిషాలు తిప్పితే పీచు, మెతుకులు అడుగుకి చేరతాయి. పైతేటని 40 మైక్రాన్ల వల గుండా పోసి, 8,000 జీ దగ్గర 5 నిమిషాలు తిప్పి కడిగితే బ్యాక్టీరియా దక్కుతుంది. ఎలుక శాంపిల్ అయితే సెకండరీ ఏ జంతువుదో ఆ జంతువు మామూలు సీరం 20 శాతం వేసి కాసేపు ఆపాలి. పేగు బ్యాక్టీరియాలో సొంతంగా మెరిసేవి, తిండిలోని మొక్కల ముక్కల్లో మెరిసేవి చాలా ఉంటాయి, అందుకే రంగు వెయ్యని వెల్ ఇక్కడ ప్రతి శాంపిల్‌కీ విడివిడిగా కావాలి. ఐజీఏ పుట్టని ఎలుక మలం దొరికితే దానికి మించిన కంట్రోల్ లేదు. తాజా శాంపిల్‌నీ ఫ్రీజర్‌లోంచి తీసినదాన్నీ ఒకే ప్లేటులో కలపకండి, గడ్డకట్టి కరిగినవాటిలో పగిలినవి ఎక్కువ.